చెప్పులు లెక్కపెట్టే యంత్రం

చెప్పులు చెప్పేంత నిజం చెప్పుడు మాటలు చెప్పవు. ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. బయటినుంచి వస్తూ గడప దగ్గర ఒకసారి కిందికి చూస్తే చాలు. మేనమామ వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఒక చెప్పు తిరగబడి ఉంది కాబట్టి కోపంగా వచ్చాడు. అయినా గోడవారకి జరిపి మరీ విప్పాడు కాబట్టి భోంచేస్తే గానీ కదలడు. ఇన్ని తెలిశాక కూడా లోపలికి వెళ్లి "ఓ, మావయ్యా, ఎప్పుడొచ్చావు!" అని ఆశ్చర్యపోతామంటే అది మర్యాద కోసం.

డాక్టర్ నూకరత్నం చేసిందల్లా ఈ చూపుని ఒక యంత్రానికి నేర్పడం. దానికి 'గడప' అని పేరు పెట్టింది.

పరీక్ష రోజున ల్యాబులో అందరూ మెట్లమీద చెప్పులు విప్పి హాల్లో కూర్చున్నారు. పైన తూనీగ ఎగిరింది. తూనీగంటే అరచేతిలో పట్టే డ్రోను. పేరుకి తూనీగ, పనికి తూనిక. అది మెట్లని ఒక చూపు చూసి వెళ్లగానే హాల్లో తెర వెలిగింది.

'లోపల తొమ్మిదిమంది. ఒకరు ఎడమకాలు ఈడుస్తారు. ఒక చిన్నపిల్ల. ఒకరు వేరొకరి చెప్పులు వేసుకొచ్చారు.'

అందరూ ఒకళ్ల కాళ్లు ఒకళ్లు చూసుకున్నారు.

"నేనే," అని చెయ్యెత్తాడు కామేశం. "పొద్దున్న తొందరలో మా ఆవిడవి తొడిగేశాను. ఇరవై ఏళ్లయినా తన అడుగుజాడల్లో నడవట్లేదని ఒకటే సాధింపు. ఇవాళ నడిచాను."

కామేశం యంత్రానికి లెక్కల సూత్రాలు రాసే మనిషి. శ్లేష లేని మాట ఆయనకి ఉప్పులేని పప్పు. ల్యాబులో అందరూ నవ్వారు, ఒక్కరు తప్ప. ఆయన మేజర్ సాల్మన్ రాజు, సైన్యంలో న్యాయ సలహాదారు. ఫిరంగి పేలేముందు ఆ పేల్చడం యుద్ధ చట్టానికి ఒప్పుతుందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం.

"యుద్ధానికి చట్టమేమిటండీ, చట్టుబండలు!" అన్నాడు కామేశం.

"పెద్దదేమీ కాదు సార్," అన్నాడు మేజర్. "పౌరుడిమీద పౌరుషం చూపించకూడదు. సగం చట్టం అదే."

కామేశానికి తన సొమ్ము ఎవడో కాజేసినట్టయింది. "మిగతా సగం?"

"పడిపోయినవాడిమీద కూడా చూపించకూడదు." మేజర్ తన కాళ్లవైపు చూపించాడు. ఆయన బూట్లు విప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. "డాక్టర్ గారూ, మీ యంత్రం నన్ను లెక్కలో వెయ్యలేదు."

"వెయ్యదండీ. మనవాళ్లు గడప దాటితే చెప్పులు విప్పుతారు. మనమీదికి వచ్చిన కూటమి సైనికులు ఏ ఇంట్లో దూరినా బూట్లతోనే దూరుతున్నారు. అందుకే గడప బయట ఉన్న ప్రతి జతా లోపలున్న ఒక మామూలు మనిషి. మనం కాపాడాల్సిన మనిషి."

"సైనికుడికి దెబ్బ తగిలి, ఎవరో బూట్లు విప్పి లోపల పడుకోబెట్టారనుకోండి?"

"అప్పుడు ఆ బూట్లు బయట ఉంటాయి. యంత్రం అతన్నీ మనిషిగానే లెక్కవేస్తుంది."

మేజర్ మొహం మొదటిసారి విచ్చుకుంది. "చాలా బాగుంది. మరి మీ యంత్రానికి అనుమానం వస్తే ఎక్కడ చూపిస్తుంది?"

నూకరత్నం కాస్త తడబడింది. "మొదట్లో చూపించేదండీ. 'ఏడు నుంచి పన్నెండు దాకా' అనేది. బ్రిగేడియర్ గారు ఒకటే అంకె కావాలన్నారు."

బ్రిగేడియర్ తారకనాథ్ తారకమంత్రం అదే. అంకె లేనిదే ఆయనకి లంకె కుదరదు. అలాగని ఆయన్ని రాక్షసుడు అనుకోకండి. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. "నా చేతిలో ఉన్నది ఫిరంగి మీటమ్మా," అన్నాడాయన. "అది రెండువైపులకే కదులుతుంది. ఏడు నుంచి పన్నెండు అంటే దాన్ని ఎటు కదపమంటావు? ఒక ఫిరంగిని కొడితే మనకొచ్చే లాభమెంత, పక్కన పోయే ప్రాణాలెన్ని, తూచి చూడమంది చట్టం. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని తూచాం. ఇప్పుడు తక్కెడ వచ్చింది."

"తక్కెడ తూస్తుంది సార్," అన్నాడు మేజర్. "తీర్పు చెప్పదు."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. చప్పట్ల హోరులో చాలా మంచి మాటలు అలాగే పోతాయి.

*

సముద్రం అవతలి దేశాలు కొన్ని కూటమి కట్టి కళింగరేవు పట్టణాన్ని పట్టుకున్నాయి. కూటమి వచ్చి ఊరిని కూటికి లేకుండా చేసింది. మన సైన్యం ఊరి చుట్టూ మోహరించి ఉంది, కానీ కొట్టాల్సిన శత్రువు మనవాళ్ల ఇళ్లమధ్యే కూర్చున్నాడు. స్లాబు ఇళ్లు కాబట్టి పైనుంచి లోపలి మనుషుల వేడి తెలియదు. సెల్‌ఫోన్లు కూటమివాళ్లు ముందే గుంజుకున్నారు. ఆకాశంనుంచి చూస్తే ఒక్కొక్క ఇంటికీ కనిపించే గుర్తు గడప ఒక్కటే.

'గడప' రంగంలోకి దిగాక నిజంగానే ప్రాణాలు నిలిచాయి. పెద్ద గోడౌనులో కూటమి సరుకుందని గురిపెట్టిన రోజున, దాని పక్క కొట్టు మెట్లమీద వేలెడంత చెప్పులు కనిపించాయి. యంత్రం అంకె చూపించింది. బ్రిగేడియర్ మీట వదిలేశాడు. మర్నాడు ఆ కొట్టులోంచి ఒక అంగన్‌వాడీ బడి మొత్తం బయటికి నడిచి, సందు తిరిగి వెళ్లిపోయింది. తూనీగ తీసిన ఆ బొమ్మని నూకరత్నం తన బల్లమీద పెట్టుకుంది.

ఆవిడ సొంత ఊరు కళింగరేవే. సాలివీధిలో చెల్లెలు పైడమ్మ మెస్ నడుపుతోంది. అక్క డాక్టరేటు చదివింది, చెల్లి డబరాలు తోమింది, ఇద్దరిలో ఎవరి చదువు ఎక్కువో ఇప్పటికీ తేలలేదు. యుద్ధం మొదలయ్యేనాటికి బస్సులు ఆగిపోయాయి. పైడమ్మ ఊళ్లోనే ఉండిపోయింది.

రెండువైపులా ఒప్పుకున్న సహాయ సంస్థ ఒకటి వారానికోసారి ఊళ్లోకి మందులూ నూకలూ తీసుకెళ్లేది. ఆ బండిలో ఒక ఫోను, ఇవతల వాళ్ల ఆఫీసులో ఒకటి ఉండేవి. కుటుంబానికి నాలుగు మాటలు. షరతు ఒక్కటే: యోగక్షేమాలు తప్ప యుద్ధం ఊసెత్తకూడదు. ఆ షరతుమీదే ఆ బండి రెండు సైన్యాల మధ్యనుంచి నడిచేది.

"ఏటే అక్కా, బాగున్నావా?"

"నేను బాగానే ఉన్నాను. నువ్వు తింటున్నావా?"

"మెస్ పెట్టినదాన్ని పట్టుకుని తింటన్నావా అంటావేటే! నీకు డాక్టరు పట్టా ఎవలిచ్చారు?"

"ఒలే, సరిగ్గా చెప్పు."

"నూకలు జావ కాస్తన్నాను. కూటమోల్లు కూడా వొచ్చి గిన్నె పట్టుకుంటన్నారు. ఒకడు మొన్న పప్పుసారు తాగి ఏడిసేసినాడు. కారమెక్కువై ఏడిసినాడో, అమ్మ గుర్తొచ్చి ఏడిసినాడో." పైడమ్మ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "రాత్రి సప్పుళ్లకి గుండె జారిపోతందే. ఎటు పరిగెట్టాలో తెల్దు. అందరం సెప్పులేసుకునే తొంగుంటన్నాం."

నూకరత్నం ఆ మాట మనసులో మళ్లీ చెప్పుకుంది.

చెప్పులు వేసుకునే పడుకుంటున్నారు. అంటే గడప బయట ఏమీ లేదు. అంటే తెరమీద ఆ ఇల్లు...

యంత్రం నేర్చుకున్న చెప్పులన్నీ శాంతికాలం చెప్పులు. పెళ్లిళ్లు, పేరంటాలు, ట్యూషన్లు. భయపడినవాడు చెప్పులు ఎక్కడ పెట్టుకుంటాడన్నది ఏ ఫొటోలోనూ లేదు.

"పైడీ, నే చెప్పేది విను. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జతలు గడప బయట పెట్టండి. పగలూ రాత్రీ అక్కడే ఉండాలి."

"ఎవడైనా ఎత్తుకుపోతే?"

"శని వదిలిందనుకో."

"ఎందుకే?"

"అడక్కు."

పైడమ్మ మట్టిబుర్ర కాదు. అక్క ఎవరి దగ్గర పనిచేస్తోందో తెలుసు.

"మనింటికేనా, ఈదందరికీ సెప్పొచ్చా?"

చెప్పొద్దంటే వీధి పోతుంది. చెప్పమంటే రహస్యం పోతుంది. పక్కన సహాయ సంస్థ అమ్మాయి గడియారం చూపిస్తోంది.

"నీ ఇష్టం," అంది నూకరత్నం.

*

పైడమ్మ ఇష్టం అంటే ఊరందరికీ తెలుసు. ఆవిడ మెస్‌లో ఒక్కరికి అప్పచ్చి పెట్టి ఇంకొకరికి పెట్టకుండా ఉన్న రోజు లేదు.

వారం తిరక్కుండా తూనీగ తెచ్చిన బొమ్మల్లో కళింగరేవు మొత్తం చెప్పుల సంతలా ఉంది. సాలివీధి, దానివెనక కంసాలివీధి, చేపల రేవు, ఎక్కడ చూసినా గడపల ముందు వరసలు. ఉన్నవాళ్లవి పెట్టారు, లేనివాళ్లవి పెట్టారు. అటకమీది పాతవి దింపారు, పెళ్లినాటివి విప్పారు. ఎన్ని ఎక్కువ జతలుంటే అంత క్షేమం అని ఎవరో అన్నారు కాబోలు.

"ఊరికే ఊరంతా ఊరేగింపు!" అన్నాడు కామేశం. తెరమీద అంకెలు గుర్రాల్లా ఎగురుతున్నాయి. నూకరత్నం నవ్వలేదు.

మూడోనాడు కూటమి ఫిరంగుల కొట్టం ముందు చెప్పులు కనిపించాయి. చిన్నపిల్లలవి. ముద్దుగా, జంటలు జంటలుగా, గీత గీసినట్టు పేర్చి ఉన్నాయి. నిజం పిల్లలు ఏ లోకంలోనూ అలా విప్పరు.

బ్రిగేడియర్ బల్లమీద గుద్దాడు. "ఎవరో చెప్పేశారు! ఇప్పుడు ఊళ్లో ప్రతి గోడ ముందూ చెప్పులే. ఏది ఇల్లో, ఏది ఫిరంగో!"

"వాళ్లు మోసం చేసినంతమాత్రాన మన బాధ్యత తగ్గదు సార్," అన్నాడు మేజర్. "శత్రువు చట్టం తప్పితే మనకి తప్పే హక్కు రాదు. లోపల జనం ఉన్నారో లేరో తెలియకపోతే, ఉన్నారనే అనుకోవాలి."

"అలా అనుకుంటే ఈ యుద్ధం మా మనవలు చేస్తారు. కామేశంగారూ, నిజం చెప్పుల్నీ దొంగ చెప్పుల్నీ విడదీయగలరా?"

కామేశం రెండు రోజులు ల్యాబు వదల్లేదు. మూడోరోజు చిరునవ్వుతో వచ్చాడు. సూత్రం ఎంత చిన్నదంటే ఎవరికైనా అర్థమవుతుంది. మనిషి తొడుక్కునే చెప్పు కదులుతుంది. ఒకరోజు ఎడంగా ఉంటుంది, ఒకరోజు అడ్డంగా ఉంటుంది, మడమ దగ్గర నున్నగా ఉంటుంది. అలంకారానికి పెట్టిన చెప్పు కదలదు. దానిమీద దుమ్ము పడుతుంది. దుమ్ము పట్టిన జతని లెక్కలోంచి తీసెయ్యడమే.

"దుమ్ము సూత్రం!" అన్నాడు. "మనమీద దుమ్మెత్తిపోసేవాళ్లకి దుమ్ముతోనే జవాబు."

కొత్త సూత్రం ఫిరంగుల కొట్టాన్ని చూసింది. సున్నా. సైనికులున్న స్కూలుని చూసింది. సున్నా. రెండూ నిజమే. బ్రిగేడియర్ కామేశాన్ని కౌగిలించుకున్నాడు.

నూకరత్నం మాత్రం తెరనే చూస్తూ కూర్చుంది. చెప్పుల సంగతి పసిగట్టాక కూటమివాళ్లు ఊళ్లో ఎవరో ఆకాశానికి సైగలు చేస్తున్నారని తేల్చుకున్నారు. సహాయ సంస్థ బండిని వెనక్కి తిప్పేశారు. వీధుల్లో కర్ఫ్యూ పెట్టారు. బయట కనిపిస్తే కాల్పులే.

"కామేశంగారూ, జనం బయటికే రాకపోతే? వాళ్ల చెప్పులమీద కూడా దుమ్ము పడుతుంది కదా."

"ఎంత భయపడినా నీళ్లకైనా రావాలి కదండీ."

"ఇంట్లో బావులుంటాయి."

"అన్ని ఇళ్లలోనూ ఉంటాయా? అయినా ఆ వీధుల్లో సగం చెప్పులు అటకమీదివని మీరే అన్నారు." కామేశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమిటండీ ఇంత పట్టుదల? మీకేమైనా తెలుసా?"

తెలుసు. ఆ చెప్పులు ఎవరు పెట్టమంటే పెట్టారో తెలుసు. ఆ ఒక్కమాట చెబితే, ఆ వీధులవి దొంగ చెప్పులు కావని, లోపల బిక్కుబిక్కుమంటున్న మనుషులవని రుజువవుతుంది. చెప్పిన మరుక్షణం నూకరత్నం ల్యాబులో ఉండదు, జైల్లో ఉంటుంది. ల్యాబులో లేకపోతే తెర దగ్గర సాలివీధిని కనిపెట్టుకుని ఉండేదెవరు? ఆవిడ అలా సర్దిచెప్పుకుంది. తెలివైనవాళ్లకి సర్దిచెప్పుకోడానికి సరుకు ఎప్పుడూ సమృద్ధి.

"తెలియదు," అంది.

*

కూటమి రాకెట్ల బండిని ఒకదాన్ని ఊరి నడిమికి తెచ్చింది. అది పేలిన ప్రతిసారీ మనవైపు ఎక్కడో ఒకచోట కుర్రాళ్లు పోతున్నారు. గాయపడినవాళ్లని ఉంచిన గుడారం పక్కన కూడా ఒకటి పడింది. ఆ బండి ఎక్కడుందో తూనీగ మధ్యాహ్నానికి కనిపెట్టింది.

కంట్రోల్ రూములో తెరమీద బొమ్మ పెద్దదైంది. ఒక పొడుగాటి ఇల్లు. వెనక పెరట్లో వల కప్పిన రాకెట్ల బండి. ముందు అరుగు కింద చెప్పులు, వరసలు దాటి కుప్పగా. కుప్పమీద బూడిదరంగు దుమ్ము. గోడమీద సగం చెరిగిన అక్షరాలు: 'పైడమ్మ మెస్. భోజనం తయారు.'

పక్కన అంకె. సున్నా.

సున్నాలో సున్నితం ఉండదు. గుండ్రంగా, నున్నగా, ఎక్కడా చెయ్యి పెట్టి పట్టుకోడానికి వీల్లేకుండా ఉంటుంది.

"సిద్ధం చెయ్యండి," అన్నాడు బ్రిగేడియర్.

"సార్, ఆగండి." నూకరత్నం లేచింది. "లోపల మనుషులున్నారు."

"యంత్రం లేరంటోంది."

"యంత్రం నాది సార్. అబద్ధం చెబుతోంది. ఆ చెప్పులు దొంగవి కావు. వాటిని బయట పెట్టమని చెప్పింది నేనే. ఆ ఇల్లు మా చెల్లెలిది."

కామేశం లేచి తెర దగ్గరికి వెళ్లి, ఆ కుప్పమీది దుమ్ముని వంగి చూశాడు.

బ్రిగేడియర్ ఆవిడవైపు తిరిగాడు. అరవలేదు. "దీని సంగతి తర్వాత తేలుస్తాను. ఇప్పుడు ఒకటి చెప్పమ్మా. లోపల ఎంతమంది?"

"తెలియదు సార్."

"ముగ్గురా? ముప్ఫైమందా?"

ముప్ఫై అంటే ఆపుతాడేమో. ముగ్గురంటే ఆపడు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. పెదవిదాకా వచ్చింది ముప్ఫై. కానీ ఆ గదిలో ఇప్పటికే ఒక దొంగ అంకె ఉంది. రెండోది వేసినా నమ్మేవాళ్లెవరు? పైగా నిజంగానే ఆవిడకి తెలియదు.

"తెలియదు సార్. ఉన్నారని మాత్రం తెలుసు."

"చట్టం దృష్టిలో అది చాలు," మేజర్ ముందుకొచ్చాడు. "అనుమానం వచ్చిందంటే పౌరులనే లెక్క. ముందు హెచ్చరిక ఇద్దాం. తూనీగతోనే చెప్పిద్దాం, ఇల్లు ఖాళీ చెయ్యమని. లేదా చిన్న గుండుతో బండి ఒక్కదాన్నే కొడదాం. సాయంత్రందాకా ఆగుదాం."

"హెచ్చరిస్తే బండి ఇంకో ఇంటివెనక్కి పోతుంది. చిన్న గుండు వల దాటదు. సాయంత్రందాకా ఆగితే ఎంతమంది పోతారో ఆ గుడారంలో ఉన్నవాళ్లని అడుగు మేజర్. వాళ్లూ పడిపోయినవాళ్లే. నీ చట్టంలో వాళ్లు లేరా?"

"ఉన్నారు సార్. అందుకే ఇది తేలిక కాదు. తేలికయితే నాకు ఉద్యోగం ఉండేది కాదు."

బ్రిగేడియర్ తెరవైపు చూశాడు. ఆయన చెయ్యి మీటమీదికి వెళ్లి, వెనక్కి వచ్చింది. అది గదిలో అందరూ చూశారు. తర్వాత ఎవరూ సాక్ష్యంలో చెప్పలేదు.

"ఇన్నాళ్లూ ఈ అనుమానంతోనే బతికానమ్మా," అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. "పెద్దవాళ్లని, పిల్లల్ని కలలో లెక్కపెడుతూ. ఆ బాధ పోతుందనే కదా నీ యంత్రం తెచ్చుకున్నాను. అది అంకె చూపిస్తోంది. నువ్వు చెల్లెల్ని చూపిస్తున్నావు. రేపు నన్ను అడిగేవాళ్లకి నేను ఏది చూపించాలి?"

"నేను ఒప్పుకోవడం లేదని రాయండి సార్," అన్నాడు మేజర్.

"రాస్తారు."

మీట కదిలింది. కాసేపటికి తెరమీద ఇల్లున్నచోట పొగ లేచింది. పొగ విడిచాక తూనీగ మళ్లీ చూసింది. రాకెట్ల బండి లేదు. చెప్పులు లేవు. కాబట్టి చనిపోయినవాళ్లు కూడా లేరు. సున్నా.

*

కళింగరేవు మన చేతికొచ్చింది. విచారణ సంఘం కూర్చుని లేచింది. యంత్రంలో దోషం లేదని, ల్యాబు లోపలివాళ్లే సమాచారాన్ని కలుషితం చేశారని తేల్చింది. కామేశం సూత్రానికి మెచ్చుకోలు వచ్చింది. అది అందుకున్న రోజునుంచి ఆయన ఇంట్లో గానీ, ల్యాబులో గానీ ఒక్క శ్లేష వెయ్యలేదని చెబుతారు. 'గడప' ఇంకో యుద్ధానికి ఇంకో దేశం వెళ్లింది. అక్కడివాళ్లు తలపాగాలు బయట తగిలిస్తారట.

నూకరత్నం మీద కేసు నడుస్తోంది. వీటన్నిటికీ ముందు, ఊరు చేతికొచ్చిన మర్నాడే, మేజర్ సాల్మన్ రాజు ఒక అనుమతి సంపాదించాడు. ఊళ్లో ఏం జరిగిందో నిజం విచారించి రాయడం చట్టం ప్రకారం తన పని కాబట్టి, ఆ యంత్రం చేసిన మనిషి తన వెంట ఉండాలన్నాడు. ఇద్దరు కాపలా సైనికులతో ఆవిడ్ని కళింగరేవు తీసుకొచ్చాడు.

సాలివీధి మొదట్లోనే పొగ వాసనలో పప్పు వాసన కలిసి వచ్చింది. మెస్ ఉన్నచోట మొండిగోడలు. వాటిముందు రోడ్డుమీద రాళ్లపొయ్యి, పొయ్యిమీద సైన్యం ఇచ్చిన డబరా. గరిటె పట్టుకుని నిలబడింది పైడమ్మ. జుట్టు ఒకవైపు కాలిపోయి ఉంది.

"వొచ్చినావా," అంది. కౌగిలించుకోలేదు, తిట్టలేదు. చేతిలో పని ఆపలేదు.

"పైడీ... నువ్వు..."

"ఉన్నాను. గింజలు అయిపోయాయని ఎనక తూములోంచి పాక్కుంటూ మిల్లుకి పోయినాను. వొచ్చి మంటల్లోకి దూరేసరికి..." గరిటెతో వెనక్కి చూపించింది. అటు తిరగలేదు.

మేజర్ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

"ఈదంతా మనింట్లోనే ఉన్నారే," అంది పైడమ్మ. "నానే పిలిసినాను. మా అక్క సెప్పింది, మనిల్లు పదిలం, సెప్పులు బయటుంటే ఏటీ అవదు అని. కంసాలోల్ల కోడలు ఒప్పుకోలేదు. పురిటి మంచంమీదుంది. దాన్ని మోసుకొచ్చి మరీ మనింట్లో పెట్టాను. నీ మాటమీదే."

నూకరత్నం పక్కనున్న గోడరాయిమీద కూర్చుంది.

"ఒకటి అడుగుతాను సెప్పు," అంది పైడమ్మ. "సెప్పులు బయటే పెట్టాం కదే. నువ్వు సెప్పినట్టే సేసినాం. మరెందుకు పడింది?"

ఇంత చదువు చదివిన మనిషి దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది.

"వాటిమీద దుమ్ము పడింది."

"దుమ్మా?"

"కదలని చెప్పులకి మనుషులు లేరని లెక్క."

పైడమ్మ గరిటె డబరా అంచుమీద పెట్టింది. "బయటకొస్తే కాల్సేస్తన్నారు. ఎలా కదుపుతాం?" అని, అది అడగడంలో అర్థం లేదని తెలిసినట్టు ఆగిపోయింది. అప్పటికి వీధిలో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి రోడ్డుమీద బంతిగా కూర్చుంటున్నారు. కొందరికి కట్లున్నాయి. ఒక ముసలాయన పక్కన ఖాళీగా జాగా వదిలి, అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

"అమ్మా," అన్నాడు మేజర్ మెల్లగా, "ఈ మాట వీళ్లందరికీ తెలియాలి. తెలుసుకునే హక్కు వాళ్లకుంది. నన్ను చెప్పమంటే నేను చెబుతాను."

"నువ్వెందుకు బాబూ," అంది పైడమ్మ. "అదే సెప్తాది." అక్కవైపు తిరిగింది. "నా మొకం సూసి ఎలా సెప్పినావో అలాగే అందరికీ సెప్పు. కానీ ఇప్పుడు కాదు. రెండ్రోజులై తిండి లేదు ఈళ్లకి. ఇప్పుడు సెబితే ముద్ద దిగదు. తిననీ."

నూకరత్నం తలూపింది.

పైడమ్మ విస్తర్లు వేసింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది. అందరూ తలొంచుకుని తిన్నారు. చారు వచ్చింది. ముసలాయన చారు రెండోసారి అడిగాడు. ఇంకొంచెం అన్నం పెట్టించుకో బాబూ అని నూకరత్నం లోపల్లోపల వేడుకుంది. ఇంకొంచెం అడగండి, ఇంకొంచెం నెమ్మదిగా తినండి. ఒకావిడ విస్తరి మడవబోయి, ఆకలి తీరలేదేమో, మళ్లీ విప్పింది. కాపలా సైనికులిద్దరూ ఎటో చూస్తున్నారు.

పైడమ్మ పాలపొడి మజ్జిగ గిన్నె పట్టుకుని మొదటి విస్తరి దగ్గరికి వచ్చింది.

నూకరత్నం లేచి నిలబడింది.